బురదలో పడిన అడుగు, రాతిలో మిగిలిన జాడ

డైనోసార్ అడుగుజాడ రాయిగా మిగలాలంటే మూడు సంగతులు ఒకేచోట కుదరాలి. ఆ కాలంలో అక్కడ డైనోసార్ తిరిగి ఉండాలి. దాని కాలికింద మరీ పలచనా మరీ గట్టీ కాని తడిమన్ను ఉండాలి. పడిన గుర్తు చెరిగిపోకముందే మరో పొర మన్ను నెమ్మదిగా వచ్చి దాన్ని కప్పాలి. వేసవిలో నీరు తీసిన కంభం చెరువు అంచుల్లో గొడ్ల గిట్టల గుర్తులు ఎండి బిగుసుకుపోతాయి. కొత్త నీరు రాగానే వాటిలో చాలావరకు కరిగిపోతాయి. ఎక్కడో కొన్ని గుంటల్లో మాత్రం సన్నని ఒండ్రు దిగుతుంది. అలాంటి ఒండ్రు మీద పొర తర్వాత పొర పేరుకుంటే, లక్షల ఏళ్లలో ఆ బరువుకు కింది బురద రాయి అవుతుంది. తర్వాతెప్పుడో నేల పైకి లేచి, పై పొరలు ఎండకూ గాలికీ వానకూ అరిగిపోతే పాత గుర్తు బయటపడుతుంది.

ఈ మూడింటిలో బురదకూ, దాన్ని కప్పిన పొరలకూ బేస్తవారిపేట, మార్కాపురం ప్రాంతంలో కొదవ లేదు. బడిపిల్లల పలకలకు పేరుపడిన మార్కాపురం రాయి పుట్టింది ఒకనాటి సముద్రపు బురదలోనే. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని కడప శిలాసముదాయంలోని కంభం శ్రేణిగా లెక్కిస్తారు. గట్టిపడిన బురద, నల్లమల కొండలను ముడతలు పెట్టిన ఒత్తిడికి నలిగి, రేకులుగా చీలే గుణం తెచ్చుకుంది. నల్లమలలోని గట్టి ఇసుకరాళ్ల మీద నాటి అలలు తీర్చిన మెట్టపల్లాల గీతలు నేటికీ కనిపిస్తాయి. లేనిది జంతువే. ఈ రాళ్ల వయసు 100 కోట్ల సంవత్సరాలకు పైమాట. కంటికి కనిపించే జంతువులు పుట్టింది గడిచిన 60 కోట్ల ఏళ్లలోపే. డైనోసార్లు ఇంకా తర్వాతివి. సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట పుట్టి, 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. కాబట్టి పలకల గని ఎంత లోతు తవ్వినా అందులో డైనోసార్ జాడ దొరకదు. ఇలాంటి రాళ్ల పగుళ్లలో చెట్టుకొమ్మల్లా కనిపించే నల్లని గీతలు కూడా శిలాజాలు కావు. నీటితో దిగిన మాంగనీసు ఖనిజం గీసిన గీతలు.

ప్రకాశం తీరం వైపు వెళితే రాళ్ల వయసు మారిపోతుంది. ఒంగోలుకు ఉత్తరాన వేమవరం పరిసరాల్లో డైనోసార్ల కాలపు పొరలున్నాయి. 1870లలో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ తీరాన్ని సర్వే చేశాడు. ఇక్కడి మెత్తని రాతిపొరల్లో ఆకుల ముద్రలూ, వాటితోపాటు అమ్మోనైట్లనే సముద్రజీవుల గుల్లల గుర్తులూ దొరికాయి. అంటే నేల మీది ఆకులు కొట్టుకొచ్చి పడేంత దగ్గరలో అప్పట్లో సముద్రం ఉండేదన్నమాట.

తెలుగునేల మీద డైనోసార్లు విరివిగా బయటపడింది ప్రాణహిత, గోదావరి లోయలో. అక్కడి కోటా శిలాశ్రేణి సుమారు 18 కోట్ల ఏళ్ల నాటిది. బారాపాసారస్ అనే శాకాహార డైనోసార్ ఎముకలు ఈ పొరల్లోంచే వచ్చాయి. 1975లో ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్తలు దానికి రవీంద్రనాథ్ టాగోర్ పేరు జోడించారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో శాకాహారికి 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. ఈ లోయకు పేరు తెచ్చినవి ఎముకలు. జంతువు ఎంత పెద్దదో, ఏమి తిన్నదో ఎముకలూ పళ్లూ చెబుతాయి. అది ఎంత వేగంగా కదిలిందో, ఒంటరిగా తిరిగిందో గుంపుగా తిరిగిందో తెలియాలంటే మాత్రం జాడలే కావాలి.

జాడలను లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. పాదం పొడవుకు దాదాపు నాలుగు రెట్లు తుంటి ఎత్తు ఉంటుందని ఒక అంచనా. పాదం 50 సెంటీమీటర్లుంటే కాలు 2 మీటర్ల ఎత్తన్నమాట. ఒకే పాదం వరుసగా పడిన రెండు గుర్తుల మధ్య దూరాన్ని ఈ ఎత్తుతో పోల్చి చూస్తారు. ఆ దూరం తుంటి ఎత్తుకు రెండు రెట్లు దాటకపోతే నడక. మూడు రెట్ల దాకా వస్తే పరుగు. ఈ లెక్కను 1976లో బ్రిటన్ జీవశాస్త్రవేత్త మెక్‌నీల్ అలెగ్జాండర్ ప్రతిపాదించాడు.

భారతదేశంలో ఇలాంటి జాడలు దొరికిన చోట్లలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గరి థయాత్ గ్రామం ఒకటి. 2014లో జురాసిక్ కాలంపై జైపూర్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు తర్వాత, క్షేత్ర పర్యటనకు వెళ్లిన శాస్త్రవేత్తలు అక్కడి ఇసుకరాతి మీద మూడువేళ్ల గుర్తులు గుర్తించారు. ఒకటి 30 సెంటీమీటర్ల పొడవు, మరొకటి 5 సెంటీమీటర్లు. రెండూ మాంసాహార డైనోసార్లవే.

వేల గుర్తులు ఒకేచోట చూడాలంటే ఆస్ట్రేలియా నడిమి ఎడారి భూముల దాకా వెళ్లాలి. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో వింటన్ అనే చిన్న ఊరుంది. బ్రిస్బేన్ నుంచి రోడ్డు మీద 1,300 కిలోమీటర్లకు పైగా దూరం. ఆ ఊరికి నైరుతిగా మరో 110 కిలోమీటర్లు పోతే ఎర్రని గుట్టల నడుమ లార్క్ క్వారీ వస్తుంది. 1960లలో అక్కడి పశువుల క్షేత్రం నిర్వాహకుడు గ్లెన్ సీమర్, దగ్గర్లోని రాతి మీద గుర్తులు చూసి పక్షుల అడుగులనుకున్నాడు. 1976, 77 సంవత్సరాల్లో క్వీన్స్‌లాండ్ మ్యూజియం, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి తవ్వకం జరిపాయి. 60 టన్నులకు పైగా రాయి తొలగిస్తే సుమారు 210 చదరపు మీటర్ల ఒకే రాతిపలక బయటపడింది. దాని మీద 3,300 దాకా అడుగులున్నాయి. పైరాతిని తొలగించడంలో ఎక్కువ శ్రమపడిన స్వచ్ఛంద కార్యకర్త మాల్కమ్ లార్క్ పేరే ఆ చోటికి పెట్టారు.

ఆ గుర్తులు సుమారు 9.5 కోట్ల ఏళ్ల నాటివి. అప్పట్లో అది ఎడారి కాదు, వాగులూ మడుగులూ ఉన్న పచ్చని మైదానం. టోనీ థల్బోర్న్, మేరీ వేడ్ అనే శాస్త్రవేత్తలు 1984లో ప్రచురించిన వివరణ ప్రకారం, 150కి పైగా చిన్న డైనోసార్లు మడుగు ఒడ్డున చేరి ఉన్నాయి. కొన్ని కోడి అంత, కొన్ని ఈమూ పక్షి అంత. ఒక పెద్ద మాంసాహారి అటు నడిచొచ్చింది. దాని అడుగులు 11 మిగిలాయి. అది చూసి గుంపంతా బెదిరి దాని ఎదురు దిక్కుగా ఒక్కసారి పరుగెత్తింది. చిన్న గుర్తులన్నీ ఒకే దిక్కుకు ఉండటం, అంగలు సాగి ఉండటం, కొన్ని పెద్ద అడుగుల మీద చిన్న అడుగులు పడి ఉండటం ఈ వాదనకు ఆధారాలు. డైనోసార్ల తొక్కిసలాటకు ప్రపంచంలో ఇదొక్కటే నిదర్శనమని లార్క్ క్వారీకి పేరొచ్చింది.

తర్వాతి తరం ఈ కథను ప్రశ్నించింది. ఆంథొనీ రొమీలియో, స్టీవ్ సాలిస్‌బరీ 2011లో పెద్ద అడుగుల ఆకారాన్ని కొలిచి, అవి మాంసాహారివి కావు, మొద్దువేళ్ల శాకాహారివి అన్నారు. 2013లో మరో అడుగు ముందుకేశారు. చిన్న గుర్తుల్లో చాలావాటికి మడమ జాడే లేదు, వేళ్ల గీతలే ఉన్నాయి; నీటిలో తేలుతూ పోయే జంతువు వేళ్లతో అడుగు నేలను గీరితే అలాగే ఉంటుందని వారి వాదన. ఆ లెక్కన అది తొక్కిసలాట కాదు, జంతువులు మళ్లీ మళ్లీ దాటిన రేవు. థల్బోర్న్ దీన్ని ఒప్పుకోలేదు. రాయి మారలేదు, దాన్ని చదివే తీరు మారింది. సందర్శకులకు అక్కడ రెండు వాదనలూ తెలుసుకునే వీలుంది.

రాతిలో కోట్ల ఏళ్లు నిలిచిన గుర్తు, బయటపడ్డాక పదేళ్లలో పాడైపోవచ్చు. పగటి ఎండ, రాత్రి చలి, వాననీరు, కంగారూల రాకపోకలు, మనుషుల చెప్పులు అన్నీ దానికి చేటే. 1979లో లార్క్ క్వారీ మీద కప్పు వేశారు. అది చాలక 2002లో దిట్టమైన మట్టిగోడలతో, వేడినీ తేమనీ అదుపులో ఉంచే భవనం కట్టారు. 2004లో ఆ చోటు ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ జాబితాలో చేరింది. రాతి మీదికి ఎవరినీ దిగనివ్వరు. గైడుతో కలిసి, ఎత్తుగా కట్టిన నడకదారి మీద నుంచి చూడాలి.

వెళ్లేవారికి మే నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. ఆ దేశంలో డిసెంబరు, జనవరి నడివేసవి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, వానొస్తే దారులు తెగుతాయి. వింటన్ దాటాక పెట్రోలు బంకులుండవు, ఫోను సిగ్నలు అందదు. నీళ్లూ, ఇంధనమూ, అదనపు టైరూ వెంట ఉండాలి. వింటన్ దగ్గరే ఉన్న ఆస్ట్రేలియన్ ఏజ్ ఆఫ్ డైనోసార్స్ మ్యూజియంలో ఆ ప్రాంతపు ఎముకలూ, మరో చోటి నుంచి భద్రంగా తరలించిన అడుగుజాడల పలకా చూడవచ్చు.

కప్పులేని చోట్ల జాడలు చూడటానికి ఉదయం, సాయంత్రం మేలు. ఏటవాలు వెలుగులో గుంటల నీడలు తేలి గుర్తు స్పష్టమవుతుంది. నడినెత్తి ఎండలో అదే గుర్తు కంటికి ఆనదు. తెలుగు రాష్ట్రాల్లో గోదావరి లోయ వంటి చోట మూడువేళ్ల గుంట ఏదైనా కంటపడితే తవ్వకూడదు, సుద్దతో గీయకూడదు, అందులో సిమెంటు పోయకూడదు. పక్కన స్కేలో నాణెమో పెట్టి ఫోటో తీసి, స్థలం వివరాలు రాసుకుని, హైదరాబాద్‌లోని జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికి తెలపాలి. ఒంటరి గుంట కంటే ఎడమ, కుడి వరుసలో సమదూరంలో పడిన గుంటలకు విలువ ఎక్కువ. అవి జాడలనడానికి మొదటి రుజువు అదే.