హసన్‌పర్తి నుంచి యూరప్‌కు, వయా ఢిల్లీ

హసన్‌పర్తి మీదుగా కరీంనగర్ పోయే రోడ్డు ఢిల్లీ వాళ్లది. 563వ నంబరు జాతీయ రహదారి. దాని మీద నడిచే ఆర్టీసీ బస్సు హైదరాబాద్ వాళ్లది. పక్కనున్న వీధిదీపం గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ది. దవాఖాన, పోలీస్ ఠాణా, వ్యవసాయం, మంచినీళ్లు అన్నీ రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రానికి రాసిచ్చినవే. బడి కూడా రాష్ట్రానిదే ఉండేది గానీ, 1976లో ఉమ్మడి జాబితాలోకి పోయింది. విదేశాలతో మాట్లాడటం, ఒప్పందాలు రాసుకోవడం, ఎగుమతి దిగుమతులు మాత్రం మొదటి నుంచీ కేంద్రానివి. అలాగని యూరప్ మనకు దూరమా? ఈ విశేషాలు చూడండి.

ఓరుగల్లు రాజు పెట్టిన విదేశీ వ్యాపార విధానం

పరిశ్రమకు ఇన్ని రోజుల్లో అనుమతి ఇస్తామని తెలంగాణ 2014లో టీఎస్ ఐపాస్ చట్టం తెచ్చింది. దానికి దాదాపు 770 ఏళ్ల ముందే, 1244–45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్లు. ఇక ఆ పని చెయ్యం, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో హామీ. ఆ శతాబ్దం చివర్లో ఇటు వచ్చిన వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని ఏలే రాణి గురించీ, ఇక్కడి సన్నని బట్టల గురించీ రాసుకున్నాడు. ఓరుగల్లు అప్పుడు ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు.

రైలు లెక్క అడిగినందుకు దేశ బహిష్కారం

హసన్‌పర్తి రోడ్ స్టేషన్ కాజీపేట–బల్లార్షా మార్గంలో ఉంది. ఈ మార్గం వెనుక పెద్ద గొడవే నడిచింది. నిజాం రాజ్యపు రైల్వేను లండన్ కంపెనీకి అప్పగించి, హైదరాబాద్ నుంచి వరంగల్ మీదుగా బల్లార్షా పక్కనున్న చాందా వైపు పట్టాలు వేయించాలని 1883లో ప్రతిపాదన వచ్చింది. వాటాదారులకు ఏటా 5 శాతం ఆదాయం వచ్చేలా నిజాం సర్కారు పూచీ పడాలి. లాభం వస్తే కంపెనీది, రాకపోతే మన ఖజానాది అన్నమాట. ఇందులో ఏముందో జనానికి చెప్పండి అని అడిగినవాళ్లలో ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ముందున్నారు. అఘోరనాథ్ అప్పటికి హైదరాబాద్‌లో పేరున్న విద్యావేత్త. నాలుగేళ్ల సరోజినికి, అంటే తర్వాతి సరోజినీ నాయుడుకు, తండ్రి. ఆయన్ను రాజ్యం దాటించేశారు. తర్వాత మళ్లీ రానిచ్చారనుకోండి.

ఒప్పందం మాత్రం ఆగలేదు. ‘నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’ అన్న పేరులోని గ్యారంటీ ఆ పూచీయే. పట్టాలు 1886లో వరంగల్‌కూ, 1889లో బెజవాడకూ చేరాయి. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను పూర్తయి మద్రాసు–ఢిల్లీ నేరుగా కలిసింది 1929లో. మరుసటి ఏడాది, 1930 ఏప్రిల్‌లో, నిజాం సర్కారు ఆ రైల్వేను కంపెనీ నుంచి కొనేసుకుంది. తమ రాజ్యంలోని రైలును తామే కొనుక్కోవడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

సింగరేణి మీద బ్రిటిష్ పార్లమెంటు విచారణ

ఇదే మార్గంలో నేడు సింగరేణి బొగ్గు రైళ్లు పోతాయి. సింగరేణి గనుల హక్కులు 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. నిజాం తరఫున బేరం మాట్లాడిన అధికారి అబ్దుల్ హఖ్ ఆ వాటాల లావాదేవీల్లో తానూ లాభపడ్డాడని బయటపడింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది, హఖ్ ఉద్యోగం పోయింది. నేడు సింగరేణిలో 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది.

లండన్ బ్యాంకులో 71 ఏళ్లు

1948 సెప్టెంబర్‌లో, భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చిన రోజుల్లో, లండన్ బ్యాంకులో ఉన్న నిజాం సర్కారు సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులను పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మళ్లించారు. ఇవ్వొద్దు, వెనక్కి పంపండి అని నిజాం కొద్ది రోజుల్లోనే అన్నాడు. బ్యాంకు ఎటూ తేల్చుకోలేక డబ్బును అట్లాగే పెట్టేసింది. 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పేనాటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లయింది. తీర్పు భారత్‌కూ, నిజాం వారసులకూ అనుకూలంగా వచ్చింది. హైదరాబాద్ సొంతంగా విదేశీ వ్యవహారం నడిపిన చివరి ఆనవాలు బహుశా ఆ ఖాతాయే.

రాష్ట్రంలో మరో చిన్న రాష్ట్రం

స్కాట్లాండ్‌కు సొంత పార్లమెంటు 1999లో వచ్చింది. అంతకు 41 ఏళ్ల ముందే తెలంగాణకు అలాంటిదొకటి దొరికిందంటే ఈ తరం నమ్మదేమో. 1956 పెద్దమనుషుల ఒప్పందం ప్రకారం, 1958 రాష్ట్రపతి ఉత్తర్వుతో, తెలంగాణ ఎమ్మెల్యేలతో ప్రాంతీయ సంఘం ఏర్పడింది. స్థానిక పాలన, ప్రజారోగ్యం, ప్రాథమిక–మాధ్యమిక విద్య, వ్యవసాయ భూముల అమ్మకం, చిన్న పరిశ్రమలు దాని పరిధిలోవి. ప్రభుత్వానికీ సంఘానికీ పొసగకపోతే గవర్నర్ మాటే చివరిది. కాగితం మీద మంచి ఏర్పాటే. అమలు మీద నమ్మకం పోయి 1969లో ఉద్యమం వచ్చింది, 1973లో ఆరు సూత్రాల పథకంతో సంఘమే రద్దయింది.

ఓరుగల్లు ఓడించిన విదేశాంగ మంత్రి

1980 నుంచి 1984 దాకా యూరప్ దేశాలతో భారత్ తరఫున మాట్లాడిన పీవీ నరసింహారావు హన్మకొండ ఎంపీ. అదే హన్మకొండ 1984 ఎన్నికల్లో ఆయన్ను బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడించింది. దేశమంతా కలిపి ఆ పార్టీకి వచ్చినవి రెండే సీట్లు. అందులో ఒకటి మనది! అదే ఎన్నికల్లో రాంటెక్‌లోనూ నిలబడి గెలిచాడు కాబట్టి పీవీ లోక్‌సభకు వెళ్లగలిగాడు.

దావోస్ లెక్కలు

ముఖ్యమంత్రి విదేశాలకు పోవాలంటే విదేశాంగ శాఖ రాజకీయ అనుమతి కావాలి. 2019లో కోపెన్‌హాగన్ సదస్సుకు అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్‌కు అది దొరకలేదు. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్రం అప్పు చేయవచ్చు గానీ దేశం లోపలే. జర్మనీ బ్యాంకు అప్పయినా, జపాన్ అప్పయినా కేంద్రం చేతుల మీదుగా రావాలి. మరి స్విట్జర్లాండ్‌లోని దావోస్ ఆర్థిక సదస్సులో రాష్ట్రాలు సంతకం చేసేవి ఏమిటి? కంపెనీలతో అవగాహన పత్రాలు. తెలంగాణ 2024లో 40 వేల కోట్ల పైచిలుకు, 2025లో 1.78 లక్షల కోట్లు ప్రకటించింది. అవగాహన అంటే అవగాహనే, ఖాతాలో పడ్డ డబ్బు కాదు. ఈ అంకెను ఐదేళ్లు ఆగి చూడాలని నా అభిప్రాయం, ఏ పార్టీ ప్రకటించినా సరే.

జీరో టికెట్‌కు చుట్టం

2023 డిసెంబర్ నుంచి హసన్‌పర్తి ఆడబిడ్డలు ఆర్టీసీ బస్సులో జీరో టికెట్‌తో, అంటే ఉచితంగా, హన్మకొండ పోతున్నారు. యూరప్‌లోని లక్సెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29న బస్సు, రైలు, ట్రామ్ అన్నీ అందరికీ ఉచితం చేసింది. రైల్లో ఫస్ట్ క్లాస్‌కు మాత్రం టికెట్ కొనాలి.

ఒక రాష్ట్రం ఖండాన్ని ఆపింది

2016 అక్టోబర్‌లో యూరోపియన్ యూనియన్–కెనడా వాణిజ్య ఒప్పందం సంతకాల దాకా వచ్చి నిలిచిపోయింది. కారణం బెల్జియంలోని వల్లోనియా ప్రాంతీయ ప్రభుత్వం. జనాభా 36 లక్షలు. ఆ దేశ రాజ్యాంగం ప్రకారం ప్రాంతాల సమ్మతి లేనిదే కేంద్రం సంతకం చేయలేదు. మా రైతుల సంగతేమిటి అని వల్లోనియా అడ్డం తిరిగింది. హామీలు రాసిచ్చాకే తలూపింది. మన దగ్గర లెక్క వేరు. భారత్–యూరోపియన్ యూనియన్ వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ పట్టాలెక్కాయి. ఆ చర్చల్లో తెలంగాణకు కుర్చీ దొరకలేదు. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోదే, అయినా ఒప్పందం అమలుకు ఏ అంశం మీదైనా చట్టం చేసే అధికారం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది.

మిర్చి బస్తా వెనుక మూడు ప్రభుత్వాలు

హసన్‌పర్తికి పక్కనే ఉన్న ఎనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి సంగతి చూద్దాం. 2003లో ఫ్రాన్స్‌లో, భారత్ నుంచి పోయిన కారంలో సూడాన్ వన్ అనే కృత్రిమ ఎర్రరంగు బయటపడింది. అప్పటి నుంచి యూరప్ తనిఖీలు గట్టివయ్యాయి. రంగే కాదు, అఫ్లాటాక్సిన్ బూజు విషం, పురుగుమందుల అవశేషాలు కూడా చూస్తారు. ఏ మందు అమ్మవచ్చో తేల్చేది ఢిల్లీ. మందుల దుకాణం తనిఖీ చేసేది రాష్ట్ర వ్యవసాయాధికారి. ఎంత అవశేషం దాటితే సరుకు వెనక్కి పంపాలో రాసేది బ్రస్సెల్స్. కంటైనర్ తిరిగొస్తే ఆ దెబ్బ ధర రూపంలో అడ్తి దగ్గర బస్తా దించిన రైతుకే తగులుతుంది. ఎగుమతి సరుకు పరీక్షించే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులో ఉంది. అదీ కేంద్రానిదే.

ఇక చపాట మిర్చి. టమాటా మిర్చి అని కూడా అంటాం కదా, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో ‘వరంగల్ చపాట’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు దేశం లోపలి వరకే. యూరప్‌లో ఆ పేరు ఎవరూ వాడకుండా ఉండాలంటే అక్కడ విడిగా నమోదు కావాలి. డార్జిలింగ్ టీకి అది 2011లో దొరికింది. ఇందులో ఒక వెసులుబాటు ఉంది: ఆ దరఖాస్తు ప్రభుత్వమే పెట్టాలని లేదు. ఉత్పత్తిదారుల సంఘం నేరుగా యూరోపియన్ కమిషన్‌కే రాసుకోవచ్చు.