కవరు కాలిస్తే గంజు శుద్ధి కాదు

కొండగట్టు అంజన్న దగ్గరికి వంటసామాను కట్టుకుని పోయేవాళ్లకు ఇది కొత్త కాదు. అన్నం ఉడికిన సిల్వర్ (అల్యూమినియం) గంజును దించి, చూసుకోకుండా కూరగాయల కవరు మీద పెడతారు. మళ్లీ ఎత్తేసరికి కవరు అడుగుకు అతుక్కుని తీగలా సాగుతుంది. వెంటనే ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేస్తాడు: "ఏం కాదు, ఖాళీ గంజు మంట మీద పెట్టుండ్రి, అదే కాలిపోతది. నిప్పుకు శుద్ధి కానిదేముంటది?"

చాలా ఉంటది. ఆ పల్చటి కవర్లు ఎక్కువగా పాలిథిన్. అది 110–130 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మండాలంటే 300 దాటాలి. ఈ మధ్యలో జరిగేదే అసలు గొడవ. కరిగింది జారి, అంటుకుని, మండే చుక్కలుగా కారుతుంది. చుక్క చేతి మీద పడితే తుడిచినా పోదు, అక్కడే అతుక్కుని కాలుస్తుంది. గంజు మీద మిగిలింది మాడి నల్లటి పెచ్చు కడుతుంది. ముందే గీకితే వచ్చేది ఇక ఉలి పెట్టినా రాదు. పొగలో మసి, కార్బన్ మోనాక్సైడ్, కళ్లు మండించే అక్రోలిన్. అతుక్కున్నది పీవీసీ షీటైతే హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వస్తుంది. తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఆ తడి పొయ్యి చుట్టూ ఉన్నోళ్ల ముక్కూ గొంతుల్లోదే. లంకను కాల్చినాయన కొండ కింద కవర్లు కాల్చడం భక్తిలో ఏ భాగమో నాకైతే తెలియదు.

పని వేడితోనే అవుతుంది, మంటతో కాదు. గంజును పొయ్యికి దూరంగా పెట్టి లోపల మరిగే నీళ్లు పోయండి. అడుగున ఉన్న పాలిథిన్ మెత్తబడుతుంది. నీళ్లు వంపేసి, ఆ వేడి మీదే, మసిబట్టతో పట్టుకుని, చెక్క గరిటెతో ఒక అంచు నుంచి తోయండి. గరిటె లేకపోతే కొబ్బరిచిప్ప అంచు చాలు, కొండగట్టులో దానికి కరువా? గట్టి ప్లాస్టిక్ అయితే ఉల్టా చేయాలి. ఐస్ ముక్కలు రుద్దండి, ఇంట్లోనైతే ఫ్రీజర్‌లో పెట్టండి. చల్లబడితే ప్లాస్టిక్ అల్యూమినియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ముడుచుకుంటుంది. అంచు లేస్తుంది, అక్కడ పట్టి లాగాలి.

ఫుడ్ గ్రేడ్ కవరు కాలిస్తే పర్వాలేదన్నది ఉత్త మాట. కాస్టిక్ సోడా పోసినా లాభం లేదు: అది కవరును ఏమీ చేయదు, సిల్వర్ గంజునే తింటుంది.

థిన్నర్, గోళ్లరంగు తుడిచే మందు వాడమనేవాళ్ల మాట మాత్రం పూర్తిగా కొట్టెయ్యలేను. థర్మాకోల్ ప్లేటు కరిగి పట్టుకుంటే వాటిలోని అసిటోన్ నిజంగానే కరిగిస్తుంది. పాలిథిన్‌ను మాత్రం ముట్టదు. పైగా అసిటోన్ ఆవిరి గది వేడి దగ్గర కూడా నిప్పురవ్వ తగిలితే చాలు అంటుకుంటుంది, పొయ్యి చుట్టుపక్కల సీసా మూత కూడా తీయొద్దు. వాడితే ఆరుబయట, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి.

నాన్‌స్టిక్ పెనానికి ఈ తిప్పలొద్దు. పూత లేస్తే పాత సామానుకు వేసేయండి. ఇక గొడవకు మూలమైన కవర్ల సంగతి: 120 మైక్రాన్లకు తక్కువ మందమున్న చేతి కవర్లు 2022 డిసెంబర్ 31 నుంచి నిషేధం. ఆ మాట సంతలో ఎవరికీ వినిపించినట్టు లేదు కాబట్టి మీరే గుడ్డసంచి తీసుకెళ్లండి, గంజు దించడానికి చుట్టకుదురో తడిపిన గోనెసంచో పెట్టుకోండి. శుభ్రం చేశాక గంజు అడుగంతా వేళ్లతో తడమండి. ఎక్కడైనా జిగటగానో గరుకుగానో తగిలితే పొయ్యెక్కించొద్దు. ఆ గంజు పక్కన పెట్టి, ఇంకోదాంట్లో వండుకుని, ఇంటికొచ్చాక తీరిగ్గా గీకండి.