ఉంగరం వదులా? బిగుతా?

మా అక్క కూతురి నిశ్చితార్థం నాడు పెళ్లికొడుకు ఉంగరం తొడగబోతే, అది వేలి కణుపు దగ్గరే ఆగిపోయింది. "గట్టిగా నెట్టవోయ్, సిగ్గెందుకు?" అన్నారెవరో. అంతా ఘొల్లున నవ్వారు. అబ్బాయి నెట్టాడు, ఉంగరం ఎక్కింది. పిల్ల నొప్పిని పంటి బిగువున ఓర్చుకుని ఫొటోకి నవ్వు మొహం పెట్టింది. అత్తవారు ముచ్చటపడి చేయించిన ఉంగరం కదా, బాగాలేదని ఎలా చెబుతుంది? ఆ మొహమాటం తర్వాత ఎంత పని చేసిందో చివర్లో చెబుతాను. ముందు అలాంటి ఇబ్బంది రాకుండా ఏం చేయాలో చూద్దాం.

కొలత ఎప్పుడు, ఎలా?

మన వేళ్లు రోజంతా ఒకేలా ఉండవు. చలికి, చన్నీళ్లకి సన్నబడతాయి. ఎండకి, పనికి, ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు ఉబ్బుతాయి. నిద్ర లేవగానే కాస్త ఉబ్బి ఉండటం కూడా మామూలే. అందుకే ఒక్కసారి కొలిచి ఊరుకోకుండా, రెండు మూడు రోజులు సాయంత్రం పూట, చేతులు మామూలుగా ఉన్నప్పుడు కొలవండి.

దారంతో కొలిస్తే అది సాగి లెక్క తప్పుతుంది. సన్నటి కాగితం ముక్కను వేలి మొదట్లో చుట్టి, కలిసిన చోట గీత పెట్టండి. కణుపు దగ్గర కూడా అలాగే కొలవండి. కణుపు లావుగా ఉంటే రెండు కొలతలకీ మధ్యస్థంగా ఉన్న సైజు తీసుకోవాలి. ఇది అంచనాకి మాత్రమే. నగల షాపులో సైజుల రింగుల గుత్తి ఉంటుంది, వాటిని వేలికి తొడిగి చూసుకోవడమే అన్నిటికన్నా నమ్మకం.

ఏ చేతికి పెడతారో కూడా ముందే అడగండి. ఒక్కో ఇంట ఒక్కో ఆనవాయితీ. చాలామందికి పనిచేసే చేతి వేళ్లు రెండో చేతి వేళ్లకన్నా కాస్త లావుగా ఉంటాయి. ఉంగరం పట్టీ వెడల్పుగా ఉంటే కొంచెం పెద్ద సైజు కావాలి. అదే కొలతకి చేయించిన సన్న ఉంగరం సరిపోయినా, వెడల్పుది పట్టేస్తుంది.

అమ్మాయికి తెలియకుండా చేయించాలని సరదానా? అదే వేలికి పెట్టుకునే పాత ఉంగరం ఒకటి వాళ్లమ్మగారిని అడిగి తీసుకెళ్లండి. చూపుతో అంచనా వేయకండి.

సరిపోయిందని గుర్తేమిటి?

ఎక్కేటప్పుడు కణుపు దగ్గర కొద్దిగా ఆగి, కాస్త తిప్పితే దిగాలి. చెయ్యి కిందికి వేలాడేసి విదిలిస్తే జారకూడదు. పిడికిలి బిగిస్తే వేలు నొక్కుకుపోకూడదు. తీశాక కాసేపటికి కూడా లోతైన గాడి మిగిలితే అది బిగుతే.

వదులైతే దారం చుట్టడం మనకు అలవాటు. నాలుగు రోజులకైతే ఫరవాలేదు. నెలల తరబడి ఉంచితే తడి, సబ్బు అందులో నిలిచి చర్మం ఒరుస్తుంది. రాయి బరువుకి ఉంగరం పక్కకి తిరిగిపోతుంటే లోపలి వైపు రెండు చిన్న బంగారు పూసలు అతికించమనండి. మరీ వదులైతే కొంత ముక్క కోసి తీసి టంకం పెడతారు. బిగుతైతే సాదా ఉంగరాన్ని కొద్దిగా సాగదీయవచ్చు, లేదా కోసి ముక్క కలపవచ్చు. చుట్టూ రాళ్లున్న ఉంగరానికి సైజు మార్చడం కష్టం కాబట్టి చేయించేటప్పుడే జాగ్రత్తపడాలి. ముత్యం, పగడం వేడికి పాడవుతాయి, వాటిని తీసి పని చేయమని చెప్పండి.

సైజు మార్చడానికి ఇచ్చేముందు, తీసుకునేటప్పుడు తూకం వేయించి రసీదు మీద రాయించండి. లోపలి హాల్‌మార్క్ ముద్ర దగ్గర కోయవద్దని చెప్పండి. ఆ ముద్రతో పాటు ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉండటం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేశారు.

రాయి కూడా భద్రంగా ఉండాలిగా! 22 క్యారెట్లలో 91.6 శాతం బంగారం ఉంటుంది కాబట్టి అది మెత్తన. 18 క్యారెట్లలో 75 శాతమే, అందుకే రాయిని పట్టే కొక్కేలకి అది గట్టి. చెవి దగ్గర పెట్టి ఊపితే టకటకమన్నా, కొక్కెం చీరకి పట్టుకుంటున్నా వెంటనే కంసాలికి చూపించండి. పిండి కలిపేటప్పుడు, గ్రైండర్ కడిగేటప్పుడు ఉంగరం తీసి ఒకే చోట, మూత ఉన్న డబ్బాలో పెట్టడం అలవాటు చేసుకోండి. సింకు గట్టు మీద మాత్రం వద్దు.

ఇరుక్కుపోతే?

కంగారుపడి లాగకండి, వేలు ఇంకా వాస్తుంది. చెయ్యి పైకెత్తి పది నిమిషాలు ఉంచండి. చన్నీళ్లలో ముంచి, సబ్బో నూనో రాసి మెల్లగా తిప్పుతూ తీయండి. రాకపోతే సన్నటి గట్టి దారం కొసని ఉంగరం కిందుగా దూర్చి, మిగతా దారాన్ని ఉంగరం దగ్గర నుంచి కణుపు దాటేదాకా ఒత్తుగా చుట్టండి. దూర్చిన కొసని పట్టుకుని వేలి చివరి వైపు విప్పుతూ వస్తే ఉంగరం కూడా జరుగుతుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, దెబ్బ తగిలి ఉన్నా ఈ ప్రయత్నాలేవీ వద్దు, సరాసరి ఆసుపత్రికే.

మా పిల్లకి జరిగింది అదే. ఏడో నెలలో చేతులు ఉబ్బాయి. "పిన్నీ, వేలు నాది కాదన్నట్టుంది" అని ఫోన్ చేసింది. వెళ్లి చూద్దును కదా, వేలు నల్లగా కమిలింది. కోయించుదామంటే ఇంట్లో పెద్దావిడ "నిశ్చితార్థం ఉంగరం, కడుపుతో ఉన్న పిల్ల, అపశకునం" అంది. "వేలు పోతే శకునమా అత్తయ్యగారూ?" అన్నాను. ఆవిడే లేచి చెప్పులు వేసుకుంది. ఆసుపత్రిలో చిన్న రంపంతో రెండు నిమిషాల్లో కోసేశారు. చేతుల వాపు చూసి డాక్టరమ్మ బీపీ కూడా పరీక్షించింది. గర్భిణులకి ఉన్నట్టుండి చేతులు, మొహం వాస్తే అది తప్పక చూపించుకోవాల్సిందే.

బాబు పుట్టాక అదే బంగారంతో ఉంగరం అతికించి, ఒక సైజు పెంచారు. ఇప్పుడు హాయిగా పెట్టుకుంటోంది. అతుకు ఎక్కడుందో కనిపించదు. ఆ రోజే "కాస్త బిగుతుగా ఉందండీ" అన్న ఒక్క మాట అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ ఇంటికి రాబోయే కోడలిని, ఉంగరం తొడిగిన మర్నాడే మీరే అడగండి: "వేలికి సుఖంగా ఉందా అమ్మా?" అని. ఆ పిల్ల తనంతట తాను చెప్పదు మరి!