పండగ తిండి - ఒంటికి పని



సంక్రాంతికి కోతలు అయిపోతాయి. చేలో పని తగ్గుతుంది. ఇంట్లో మాత్రం అరిసెలు, జంతికలు, గారెలు. పని తగ్గి తిండి పెరిగితే ఏమవుతుంది? ఖర్చు కాని శక్తి కొవ్వుగా మారి ఒంట్లో చేరుతుంది.

నూనెలో ఉండే శక్తి, అంతే బరువు బియ్యప్పిండిలో కన్నా రెట్టింపు పైనే. అందుకే అరిసెను గట్టిగా వత్తి నూనె తీసేయాలి.

బెల్లం మంచిదే కదా అని షుగరు జబ్బున్నవాళ్లు తినేస్తుంటారు. బెల్లం కూడా చక్కెరలాగే రక్తంలో షుగరును పెంచుతుంది.

మరి పండగ మానుకోవాలా? అక్కర్లేదు.

అరిసె తిన్న పూట అన్నం కొంచెం తగ్గించండి. పప్పు, కూర తగ్గించకండి. వేళకు తినండి. పండగ రోజైనా మందులు మానకండి. రోజూ అరగంట చురుగ్గా నడవండి. పొయ్యి దగ్గర నిలబడితే కాళ్లు నొప్పి పుడతాయి గానీ, అది నడక కాదు.

పండగ మూడు రోజులే. ఒళ్లు ఏడాదంతా కావాలి.