డిగ్రీ చేతికొచ్చినా అర్జీ చేతకాదు!

తనకల్లు: వానను నమ్ముకొని వేరుశనగ విత్తే ఈ మెట్ట ప్రాంతంలో పిల్లల చదువే కుటుంబానికి రెండో పంట. ఆ పంట ఇల్లు చేరే వేళ ఒక్క కాగితం దగ్గర చిక్కుపడుతోంది. ఇంటరో, డిగ్రీయో ముగించుకొని బెంగుళూరుకో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలైన కియా కార్ల కర్మాగారం వైపుకో ఉద్యోగానికి బయలుదేరే యువతీ యువకులలో చాలామందికి పది వాక్యాల దరఖాస్తు సొంతంగా వ్రాయడం రాదు.

తెలివి తక్కువై కాదు. బడిలో ఉత్తరమంటే గైడులోని ఉత్తరమే. మిత్రునికి లేఖ, జ్వరమని సెలవు చీటీ బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఉద్యోగం వేటలో పడ్డాక కొక్కంటి క్రాసులోనో, కదిరిలోనో నెట్ సెంటరుకు పోయి, అక్కడి కంప్యూటరులో ఉన్న రెజ్యూమేలో పేరు మార్పించి ప్రింటు తీసుకుంటారు. పాత అభ్యర్థి ఫోను నెంబరు మార్చడం మరచిపోతే ఇంటర్వ్యూ పిలుపు ఇంకొకరి ఇంట్లో మోగుతుంది. పిలుపు వచ్చినా, తన కాగితంలో ఏముందో తనకే తెలియక తెల్లమొహం వేయవలసి వస్తుంది.

విచిత్రమేమంటే, వ్రాయవలసిన సంగతులు వీరి దగ్గర లేకపోలేదు. తల్లి ఉన్న పొదుపు సంఘానికి లెక్కల పుస్తకం వ్రాసిపెట్టిన అమ్మాయి ఆ మాట దరఖాస్తులో ఎక్కించదు. ఇంటి బోరు మోటారు విప్పి బిగించిన కుర్రవాడు అదొక అనుభవమని అనుకోడు. 'కష్టపడి పనిచేసే స్వభావం కలదు' అని మాత్రం ఇద్దరూ వ్రాస్తారు! 'పొదుపు సంఘం లెక్కలు రెండేళ్లు వ్రాశాను, నెలనెలా వసూళ్లు బ్యాంకులో జమ చేశాను' అన్న వాక్యం ముందు ఆ మాట ఏపాటిది?

ఉద్యోగం దొరికినంత మాత్రాన వ్రాత పని తీరదు. షిప్టు దిగేవాడు పుస్తకంలో 'మిషన్ బాగాలేదు' అని వ్రాసిపోతే తరువాత వచ్చినవానికి ఏమి తెలుస్తుంది? ఏ మిషను, ఎన్ని గంటలకు ఆగింది, ఏమి చేశారు, ఏమి మిగిలింది అన్నది కావాలి. ఈమెయిలు పంపినా పై వరుసలో విషయం వ్రాయాలి, జత చేశామన్న కాగితం నిజంగా జత చేయాలి.

తెలుగులో వ్రాద్దామన్నా చిక్కే. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. అయినా 'తమకు తెలియజేయడమేమనగా' అని మొదలై ఊపిరి తిరగనివ్వని కచేరీ వాక్యం పోలేదు. అదే ఒప్పని పిల్లలు అనుకరిస్తున్నారు. అర్జీ, రసీదు, హాజరు వంటి అరబ్బీ, పారశీ మాటలను ఊరి జనం నాలుకకు అలవాటు చేసుకున్నారు. రెజ్యూమే, ఈమెయిలు కూడా అలాగే అలవడుతున్నాయి. మాటతో పేచీ లేదు, వాక్యంతోనే.

సాధన చేయడానికి పైసా ఖర్చు లేని దారి ఒకటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద విద్యార్థి స్వయంగా ఒక దరఖాస్తు వ్రాయవచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెలుగులోనే వ్రాయవచ్చు, ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు. ఏ కార్యాలయం, ఏ విషయం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది మాత్రం స్పష్టంగా ఉండాలి. ఊరి చెరువు మరమ్మతుకు ఎంత ఖర్చయిందని అడిగినా సరే. మార్కుల కోసం వ్రాసే ఉత్తరానికి ఎవరూ బదులివ్వరు. దీనికి 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకుంటే అప్పీలు వ్రాయడం రెండో పాఠం. రసీదు మాత్రం మొదటిరోజే అడిగి తీసుకోవాలి.