తాఖీదు వచ్చిందా... కంగారొద్దు!

‘ఆయనకి తాఖీదులొచ్చాయట!’ ఈ ఒక్క మాట చాలు, వీధంతా చెవులు కొరుక్కోవడానికి. తాఖీదు అందడమంటే తప్పు రుజువైపోయినట్టే అనుకుంటారు చాలామంది. నిజానికి అది తీర్పు కాదు. తీర్పు కంటే ముందు రావాల్సిన మాట!

మాట ఎక్కడిది?

తాఖీదు పుట్టిల్లు అరబ్బీ. అక్కడ ‘తాకీద్’ అంటే నొక్కి చెప్పడం. పారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. జిల్లా, తాలూకా, జప్తు, వసూలు, దస్తావేజు... ఇవన్నీ దానికి చుట్టాలే. అంతెందుకు, ‘రైతు’ కూడా ఆ దారిన వచ్చినవాడే!

ఉర్దూలో ఇప్పటికీ తాకీద్ చేయడమంటే గట్టిగా, మరీ మరీ చెప్పడం. కన్నడిగులకు ‘తాకీతు’ అంటే హెచ్చరిక. తమిళుల ‘తాక్కీదు’, మన తాఖీదు మాత్రం చేతికందే కాగితాలయ్యాయి. అసలు మాటలో ‘ఖ’ లేదు. అందుకే కొందరు ‘తాకీదు’ అనే రాస్తారు.

పత్రికలు ఇదే అర్థంలో కాస్త చమత్కారంగా ‘శ్రీముఖం’ అనీ అంటుంటాయి. పీఠాధిపతులు శిష్యులకు పంపే లేఖకు ఉన్న పేరది. ఇక ఇళ్లలోనూ తాఖీదులకు కొదవలేదు. ‘పండక్కి వారం ముందే రావాలని అమ్మ తాఖీదు పంపింది’ అంటే కాదనగల కూతురెవరు!

ఎందుకు పంపాలి?

ఎదుటివారి మాట వినకుండా ఎవరినీ శిక్షించకూడదన్నది సహజన్యాయ సూత్రం. దానికి కాగితం రూపమే తాఖీదు. ఇళ్ల కూల్చివేతల కేసులో 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. ముందుగా తాఖీదు ఇవ్వాలి, కనీసం 15 రోజులు లేదా స్థానిక చట్టం చెప్పిన గడువు... రెండింట్లో ఏది ఎక్కువైతే అన్నాళ్లు ఆగాలి అంది. రోడ్లు, కాలిబాటల వంటి బహిరంగ స్థలాల ఆక్రమణలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు.

అంటే తాఖీదు మన మీదికి వచ్చే కత్తి మాత్రమే కాదు, ఒక్కోసారి మనకు డాలు కూడా. ఆ గడువులోగా పత్రాలు చూపించుకోవచ్చు, కోర్టుకెళ్లొచ్చు.

మనమూ పంపొచ్చు

తాఖీదు పంపే హక్కు అధికారులకే కాదు, మనకూ ఉంది. ఎవరైనా ఇచ్చిన చెక్కు బౌన్సయితే, బ్యాంకు ఆ సంగతి చెప్పిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా సొమ్ము అడగాలి. అది అందుకున్నాక చెల్లించడానికి అవతలివారికి 15 రోజుల గడువు ఉంటుంది. ప్రభుత్వం మీద దావా వేయాలంటే మామూలుగా రెండు నెలల ముందు మనమే నోటీసివ్వాలి. ఇక 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తూ ఒక రకంగా పౌరుడి తాఖీదే. సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

అందితే ఏం చేయాలి?

* ‘తీసుకోకపోతే సరి’ అనుకోవద్దు. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్డు పోస్టును తిప్పి పంపినా, అందినట్టే లెక్కగడతాయి కోర్టులు.

* ఎవరు పంపారు, ఏ చట్టం కింద, ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి... మొదట చూడాల్సినవి ఈ మూడే. అందిన తేదీ కవరు మీద రాసి, కవరునూ దాచండి.

* జవాబు రాతలోనే ఇవ్వండి. ముట్టినట్టు రసీదు తీసుకోండి.

* ఫోనులో వచ్చిన ప్రతి తాఖీదునూ నమ్మొద్దు. పోలీసులు హాజరు కమ్మని ఇచ్చే నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లవని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘డిజిటల్ అరెస్టు’ అన్నది ఏ చట్టంలోనూ లేదు. అలా బెదిరించి డబ్బు లాగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

తాఖీదంటే నొక్కి అడగడం. అడిగినదానికి గడువులోగా జవాబు చెబితే సగం భయం తీరినట్టే. చింపి పారేస్తే మాత్రం, తర్వాత వచ్చే కాగితం అడగదు... ఆదేశిస్తుంది!