ఒకటిన్నర అక్షరం

వియత్నాం దక్షిణాన, కంబోడియా సరిహద్దు వెంబడి ఉండే స్తియెంగులు నీళ్లని ‘డాక్’ అంటారు. ఒకసారి పైకి అని చూడండి. మన నోట్లో అది ‘డాకు’ అయిపోతుంది. బస్సు, కారు, బ్యాంకు... బయటి నుంచి హల్లుతో ముగిసే మాట ఏది వచ్చినా చివర ఓ ‘ఉ’ తగిలిస్తే తప్ప తెలుగు నాలుకకు తృప్తి ఉండదు. స్తియెంగుకు ఆ అవసరం లేదు. నాలుక వెనకభాగం అంగిలిని తాకి అక్కడే ఆగిపోతుంది. గాలి బయటికి రాకుండానే మాట అయిపోతుంది. చివర ‘చ్’, ‘ఞ్’ కూడా ఇలాగే నిలుస్తాయి.

మాట మొదలయ్యే తీరు ఇంకా విచిత్రం. చాలా మాటలకు ముందు సగం అక్షరం లాంటిది వస్తుంది. దాన్ని తేలిగ్గా తాకి వదిలేసి, బరువంతా తర్వాతి అక్షరం మీద వేస్తారు. ఈ జాతి పేరే అందుకు సాక్ష్యం. వియత్నాంలో చాలామంది ఆ పేరు రాసేటప్పుడు ‘స్’ తర్వాత పైన చిన్న కామా లాంటి గుర్తు పెడతారు. ఆ గుర్తు ఉన్నచోటే ఆ సగం అక్షరం ఉంది. ఆగ్నేయాసియాలో విరివిగా కనిపించే ఇలాంటి మాటలకు భాషాశాస్త్రవేత్త జేమ్స్ మాటిసాఫ్ 1973లో ‘ఒకటిన్నర అక్షరాల మాటలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

వియత్నామీస్ కూడా స్తియెంగు ఉన్న భాషాకుటుంబానిదే. కానీ అందులో సగం అక్షరాలు రాలిపోయాయి, చివరి హల్లులు కొన్ని అరిగిపోయాయి. వాటి స్థానంలో స్వరాలు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, పుట్టాయి. ప్రామాణిక వియత్నామీస్‌లో అవి ఆరు. స్తియెంగులో అలాంటి స్వరాలు లేవు. ‘ఏడు’ అనే మాట చూడండి. స్తియెంగులో ‘పోహ్’, వియత్నామీస్‌లో ‘బాయ్’. చివరి ఊపిరి శబ్దం పోయినచోట వియత్నామీస్ ఒక ప్రత్యేకమైన స్వరం తెచ్చుకుంది. స్వరాల పుట్టుక ఇదేనని 1954లో ఫ్రెంచి పండితుడు ఓద్రికూర్ నిరూపించాడు. పెద్ద భాష పోగొట్టుకున్నదాన్ని పక్కనున్న చిన్న భాష ఈనాటికీ పలుకుతోంది. నాకు ఈ భాష మీద ఇంత మమకారం కలగడానికి కారణం అదే.

2019 జనగణన ప్రకారం వియత్నాంలో స్తియెంగులు 1,00,752 మంది. ఎక్కువమంది బిన్ ఫువోక్ ప్రాంతంలోనే ఉన్నారు. రబ్బరు, జీడిమామిడి తోటల నేల అది. 2025లో ఆ రాష్ట్రాన్ని దోంగ్ నాయ్‌లో కలిపేశారు. అమెరికాతో యుద్ధకాలంలో బోమ్ బో అనే స్తియెంగు పల్లె జనం రాత్రుళ్లు వడ్లు దంచి సైనికులకు బియ్యం పంపారు. ఆ రోకటి పోటు మీద స్వాన్ హోంగ్ కట్టిన పాట అక్కడ ఎంతో ప్రసిద్ధం. పాట మాత్రం వియత్నామీస్‌లో ఉంది.

ఈ భాషను కాగితం మీదికి తెచ్చినవాళ్లు కొద్దిమందే. 1865లో బ్రొలామ్ అనే చోట ఫ్రెంచి మిషనరీ అజెమార్ 2,500 మాటలు పోగుచేశాడు. అవి సైగాన్‌లో అచ్చవడానికి ఇరవయ్యేళ్లకు పైగా పట్టింది. రాల్ఫ్ హాపర్స్ 1969లో దీని ధ్వనుల వర్ణన ప్రచురించాడు. హాపర్స్ దంపతుల నిఘంటువు 1991లో వచ్చింది. కంబోడియా వైపు స్తియెంగుకు నొయెల్లీ బొన్ 2014లో వ్యాకరణం రాసింది.

ఈ కుటుంబం మనకు దూరపుది కాదు. స్తియెంగులో రెండు, మూడు, నాలుగు: బార్, పేయ్, పువోన్. జార్ఖండ్ సంతాలీలో: బార్, పే, పోన్. మన శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోని సవర కూడా ఈ ఇంటి బిడ్డే. పర్లాకిమిడిలో ఉంటూ సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చాడు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని తలచుకునే మనం ఈ పుస్తకాలను ఎంత తక్కువగా తలుస్తామో!

సీతంపేట వైపు వెళితే అక్కడి సవర పెద్దను ఎవరినైనా నీళ్లని ఏమంటారో అడగండి. గొంతులో చిన్న బిగింపుతో ‘డా’ అంటారు. ఆ బిగింపు ‘డాక్’లోని ‘క్’కు చుట్టమే. దాన్ని శ్రద్ధగా వినండి.